దయ్యాలు మూడడుగులు వెనక్కి వేసిన రోజు

నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో దయ్యాలతో కలిసి పనిచేసింది రెండు నెలలే. మిగిలిన కాలమంతా మనుషులతో. దయ్యాల మీద నాకే ఫిర్యాదూ లేదు. టైముకి వచ్చేవి, భోజనానికి వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళేవి.

సెప్టెంబరు వచ్చిందంటే మన కుర్రకారులో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. "అంకుల్, హాలోవీన్ హాంట్‌కి టికెట్లు కొన్నాం. మీరక్కడ పనిచేశారట కదా, లోపల ఎలా ఉంటుంది?" అని. హాంట్ అంటే తెలియని వాళ్ళకి ఒక్క ముక్క: థీమ్ పార్కులో చీకటి ఇళ్ళు కట్టి, జీతానికి పెట్టుకున్న మనుషులకి దయ్యాల వేషాలు వేసి, మన దగ్గర టికెట్టు పుచ్చుకుని మనల్నే భయపెట్టే కార్యక్రమం. ఎలా ఉంటుందంటే, మొదట క్యూ ఉంటుంది. గంటన్నర నిలబడితే అయిదు నిమిషాల ఇల్లు వస్తుంది. మెత్తటి బూట్లు వేసుకోండి. చంటిపిల్లల్ని తీసుకెళ్ళకండి. దయ్యం మిమ్మల్ని ముట్టుకోదు, మీరు దాన్ని ముట్టుకోకూడదు. భయం భరించలేకపోతే రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకోండి. ఎంతటి దయ్యమైనా మూడడుగులు వెనక్కి వేసి దారి ఇస్తుంది. ఈ చివరి సలహా నాకు ఎంత ఖరీదుగా తెలిసిందో చెప్పడానికే ఈ వ్యాసం.

సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో మా కంపెనీ. నలభై అయిదుమందిమి, అందులో నలభైమంది తెలుగువాళ్ళు. మిగిలిన అయిదుగురికి కూడా "ఏమండీ", "సరే సార్", "అయిపోవచ్చింది" అనే మూడు మాటలు వచ్చేసరికి ఆఫీసులో ఇబ్బంది ఉండేది కాదు. నేను డాక్యుమెంటేషన్ శాఖకి అధిపతిని. ఆ శాఖలో నాతో కలిపి ఒకరం ఉండేవాళ్ళం. ఇంజనీర్లు చేసిన వస్తువుని ఎలా వాడాలో రాయడం నా పని. రాసింది ఎవరూ చదవకపోవడం మిగతా ప్రపంచం పని.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులు. పేరు చివర అనలిటిక్స్ అని లేకపోతే టీ పొడి కూడా అమ్ముడుపోదనుకునే కాలం. ఆ ఊపులోనే ఒక థీమ్ పార్కు వాళ్ళు మా బాస్‌ని పిలిచి, తమ హాంట్‌లో ఏ గదిలో జనం ఎంత భయపడుతున్నారో లెక్కపెట్టే యంత్రం కావాలన్నారు. మేం ప్రతి గదిలో ఒక మైకు పెట్టి, కేక వినిపిస్తే కంట్రోల్ రూములో తెరమీద ఆ గది ఎర్రబడేలా, నిశ్శబ్దంగా ఉంటే పచ్చగా ఉండేలా చేశాం. కాగితాల మీద దానికి చాలా గంభీరమైన పేరుండేది. ఆఫీసులో 'కేకల మీటరు' అనేవాళ్ళం.

దాన్ని పరీక్షించే బాధ్యత మా టెస్టర్‌ది. కడప మనిషి, నలభై దాటాయి, బుకిట్ పంజాంగ్‌లో కాపురం, ఇద్దరాడపిల్లలు. రెండు నెలలు ఆయన రోజూ ఆ దయ్యాల కొంపకెళ్ళి, లైట్లన్నీ వేసి ఉండగా, గదికి ముప్పై చొప్పున కేకలు పెట్టి వచ్చేవాడు. సాయంత్రానికి గొంతు పోయేది. ఆఫీసులో ఏదడిగినా చేతులతో సైగ చేసేవాడు.

ఆయనకు ఆ ఏడాది రెండు గడువులు ఒకేసారి వచ్చాయి. పనిచేసుకునే పాస్ ఆ నెలాఖరుతో అయిపోతుంది. పెద్దమ్మాయి ఆరో తరగతి పరీక్ష ఆ తర్వాతి వారం. సింగపూర్‌లో ఆరో తరగతి పరీక్ష అంటే మన దగ్గర ఇంజనీరింగ్ ఎంట్రన్సూ పెళ్ళిచూపులూ కలిపి ఒకే రోజు పెట్టినట్టు. ఆ పిల్ల ఏడాదిగా పుస్తకం మూయలేదు. మా బాస్ ఆయనతో మర్యాదగానే అన్నాడు: "శనివారం క్లయింట్ ట్రయల్ చూసి సంతకం పెడితే సోమవారం నీ పాస్ రిన్యూవల్‌కి పంపిస్తా. పెట్టకపోతే నా చేతిలో ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే నువ్వు ఉండి ఏం చేస్తావ్ చెప్పు?"

చెప్పడానికి ఆయనకి గొంతు లేదు.

ట్రయల్‌కి భయపడే మనుషులు కావాలి. ఉద్యోగులందరూ ఇంటిల్లిపాదితో రావచ్చు, ఉచితం అని బాస్ ప్రకటించాడు. ఉచితం అనేసరికి ఊళ్ళనుంచి చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు కూడా పేర్లిచ్చారు. "పెద్దవాళ్ళకి అర్థమయ్యేలా లోపల ఎలా ఉంటుందో ఏం చెయ్యాలో ఒక పేజీ తెలుగులో రాసి పంపు" అని బాస్ నాకు పురమాయించాడు. పార్కువాళ్ళు ఇచ్చిన నియమాల పుస్తకం పన్నెండు పేజీలు. నేను నాలుగు పేజీలు చదివి, మిగతాది ఊహించగలనని గ్రహించాను.

నన్ను వేధించింది ఒకటే భయం. మనవాళ్ళు దయ్యాన్ని కొడతారేమోనని. మా సీనియర్ ఇంజనీరు అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ లిఫ్టు తలుపు తనకంటే ముందు మూసుకుంటేనే దాన్ని చేత్తో కొట్టేవారు. అందుకని 'నటులను తాకరాదు' అన్న నియమం కింద, ఎవరూ అడక్కుండానే, నా సొంత కవిత్వం ఒక వాక్యం చేర్చాను: 'లోపల ఉన్నంతసేపూ చేతులు కట్టుకొని నడవవలెను.'

శనివారం ఉదయం పది గంటలకి నలభైమంది వచ్చారు. అప్పటికి లోపల దయ్యాలు సిద్ధం. పొగ వదిలారు, లైట్లు తీశారు. కంట్రోల్ రూములో నేను, మా బాస్, టెస్టరు, పార్కు తరఫున ఆపరేషన్స్ చూసే చైనీస్ మేడమ్. ఆవిడ మాట తక్కువ మనిషి. ఆ తక్కువ మాటల్లోనే మనిషికి చెమట పట్టించగలరు.

ఎనిమిదిమంది చొప్పున అయిదు జట్లు లోపలికి వెళ్ళాయి. తెర పచ్చగా ఉంది. మొదటి గది పచ్చన. రెండో గది పచ్చన. శవాల గది, బొమ్మల గది, అరటితోట, అన్నీ పచ్చగా, భాద్రపదమాసం వరిచేలల్లా ఉన్నాయి. నలభైమందీ అవతలి గుమ్మంలోంచి బయటికి వచ్చేశారు. మొత్తం కేకలు: సున్నా.

మేడమ్ తెర వంక చూసి, టెస్టర్ వంక చూశారు. "వై జీరో ఆ? స్పాయిల్ ఆల్రెడీ?"

టెస్టరు పరిగెత్తుకెళ్ళి శవాల గదిలో నిలబడి ఒక్క కేక పెట్టాడు. తెర భగ్గున ఎర్రబడింది.

"దిస్ వన్ కెన్ హియర్ ఓన్లీ యూ," అన్నారు మేడమ్. "ఫార్టీ పీపుల్ గో ఇన్, నథింగ్. యువర్ ఓన్ స్టాఫ్ షౌట్, రెడ్. వాట్ ఫర్?"

ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. రెండు నెలలుగా ఆ మీటరు విన్నది ఆయన కేకలే. ఇక మిగతా ప్రపంచం అరుపుల్ని అది గుర్తుపట్టకపోయినా ఆశ్చర్యం లేదు. బాస్ టెస్టర్ని బయట కూర్చోమన్నాడు. ఆ 'కూర్చోమనడం'లో నెలాఖరు వినిపించింది నాకు. ఆయన బయట క్యూ కోసం వేసిన బెంచీ మీద కూర్చున్నాడు. లోపల సమావేశం మొదలైంది. మైకులు తప్పా, సాఫ్ట్‌వేర్ తప్పా, టెస్టింగ్ తప్పా అని తర్జనభర్జనలు. అందరి అభిప్రాయాలూ అడిగారు. దయ్యాలని మాత్రం పిలవలేదు.

పదకొండున్నరకి నన్ను కాఫీలు తెమ్మని పంపారు. డాక్యుమెంటేషన్ శాఖ ప్రాముఖ్యం ఏ సమావేశంలోనైనా ఇలా బయటపడుతుంటుంది. క్యాంటీన్‌లో దయ్యాలు అన్నం తింటున్నాయి. ఒక శవం చికెన్ రైస్‌కి చిల్లీ సాస్ కలుపుకుంటోంది. అయిదో గదిలో ఉరిపోసుకున్నవాడి వేషం వేసే పెద్దాయన నన్ను చూసి చెయ్యి ఊపాడు. మలేషియాలో పుట్టిన తెలుగాయన, జొహోర్ నుంచి పనికోసం ఇటు వచ్చి స్థిరపడ్డాడు. నాలుగు తరాల కిందట వాళ్ళ పెద్దలు ఓడలో తెచ్చుకున్న తెలుగుని పారేయకుండా, అందులోనే మలయ్ మాటలు కలుపుకుని వాడేవాడు. మెడకి ఉరితాడు వేలాడుతూనే ఉంది.

"మకాన్ అయ్యిందా అన్నా?" అన్నాడు.

"ఎక్కడి తిండి! లోపల మీటరు పనిచెయ్యలేదని గొడవగా ఉంది."

"మీటరేటి సేసింది పాపం! మీవోళ్ళే వింతగా వొచ్చారు. నలభైమందీ సేతులు కట్టుకుని, హెడ్‌మాస్టరు గదిలోకి వొచ్చినట్టు! నానెదురొచ్చి 'ఆ' అనేలోగా సేతులడ్డం. రూలు ప్రకారం మూడడుగులు ఎనక్కి. మళ్ళీ వొచ్చాను, మళ్ళీ సేతులడ్డం. నడుం పట్టేసింది లా!"

"రూలా? ఏం రూలు?"

"ఏడో పేజీ," అని పక్కనున్న శవం ఇంగ్లీషులో చెప్పింది. శవాలు కూడా చదివాయన్నమాట.

గోడకి ఆనుకుని, సంచీలో ఉన్న నియమాల పుస్తకంలో ఏడో పేజీ తీశాను. 'సందర్శకులు చేతులు గుండెకు అడ్డంగా కట్టినచో, నటులు వెంటనే మూడడుగులు వెనుకకు వేసి మౌనము వహించవలెను' అని దాని సారాంశం. ఏళ్ళ తరబడి 'ముందు మాన్యువల్ చదవండి బాబూ' అని ప్రపంచాన్ని బతిమాలిన మనిషిని నేను. చెవుల్లోంచి ఆవిరి రావడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

అయినా పూర్తి తప్పు నాది కాదని మొదటి అయిదు నిమిషాలూ వాదించుకున్నాను. ఇంకే జాతి మనుషులైనా గుమ్మం దాటగానే నా వాక్యం మరిచిపోయి చేతులు ఆడించేవాళ్ళు. మనవాళ్ళకి చిన్నప్పుడు బళ్ళో 'చేతులు కట్టుకో' అన్న మాట ఎముకల్లోకి ఇంకి ఉంటుంది. పైగా బాస్ ఎక్కణ్ణించో చూస్తున్నాడని వాళ్ళ అనుమానం. బాస్ చూస్తున్నప్పుడు నా వాక్యం లేకపోయినా సగంమంది కట్టుకునేవాళ్ళే.

కాఫీలు పట్టుకుని వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. బాస్ మేడమ్‌తో, "వియ్ విల్ రీప్లేస్ ది టెస్టర్," అంటున్నాడు. మధ్యలో అడ్డు రావడం మర్యాద కాదనుకున్నాను. తర్వాత మేడమ్ మాట్లాడారు. ఆవిడకి అడ్డు రావడం మర్యాదే కాదు, ధైర్యం కూడా కావాలి. సరే, నోటితో ఎందుకు, రాసి ఇద్దాం, రాయడం మన వృత్తి కదా అని ఒక మూల కూర్చుని నోట్‌బుక్ తీశాను.

'పంపిన తెలుగు పేజీలో చేతులు కట్టుకొనమని సూచించడం జరిగింది' అని రాశాను. బాగుంది. ఎవరు సూచించారో తెలియకుండా పని పూర్తయింది. చదివి చూస్తే 'సూచించడం' గట్టిగా అనిపించింది. 'ఒక సూచన చోటు చేసుకోవడం జరిగింది' అని మార్చాను. ఆ తర్వాత 'కొంత అవగాహనా లోపం ఏర్పడి ఉండవచ్చునని భావించడం జరుగుతోంది' అన్నాను. మన భాషలో ఈ 'జరిగింది' ఉందే, దానంతటి చలవపందిరి ఇంకో భాషలో లేదు. దాని కింద ఎంతమందైనా నిలబడొచ్చు, ఎవరి మొహమూ కనపడదు. అలా ఏడు ప్రతులు తయారు కావడం జరిగింది.

ఏడో ప్రతి దిద్దుతూ తలెత్తితే కిటికీలోంచి బెంచీ కనిపించింది. టెస్టరు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. మాట్లాడటం లేదు, వింటున్నాడు. మనిషి ముందుకి వంగిపోయి ఉన్నాడు.

నోట్‌బుక్ మూసి లేచాను. "సార్," అన్నాను బాస్‌తో, "నేను రాశాను."

"ఏం రాశావ్?"

"చేతులు కట్టుకోమని నేనే రాశాను. వాళ్ళు కట్టుకుంటే దయ్యాలు వెనక్కి వెళ్ళాలి. ఏడో పేజీలో ఉంది. నేను ఏడో పేజీ చదవలేదు. టెస్టర్ తప్పేం లేదు, మీటర్ తప్పేం లేదు."

గోడ గడియారం పన్నెండూ నలభై అయిదు చూపిస్తోంది. బాస్ కాఫీ కప్పు కింద పెట్టి నా వైపు తిరిగాడు. "నువ్వు... చదవలేదు," అన్నాడు. ఆయన జీవితంలో నన్ను అంత ఆసక్తిగా చూసింది అప్పుడే. మేడమ్ మాత్రం పుస్తకం తిరగేసి, "పేజ్ సెవెన్. కరెక్ట్ వాట్. సో సింపుల్. డూ అగైన్," అన్నారు.

మళ్ళీ చెయ్యాలంటే మనుషులేరీ? భోజనాల వేళ కావడంతో సగానికి పైగా జనం తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి వెళ్ళి బల్లల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి సీట్లు చోప్ చేసేసుకున్నారు, అంటే తమవని ఆపుకున్నారు. ఒకసారి చోప్ చేసిన సీటుని వదులుకుని రావడం ఆ దేశంలో ఎవరూ చెయ్యని పని. మిగిలింది పదహారుమంది. వాళ్ళు కూడా ఈలోగా క్యాంటీన్‌లో దయ్యాలతో సెల్ఫీలు దిగి ఉన్నారు. చిల్లీ సాస్ అంటిన శవాన్ని చూశాక భయం ఎక్కణ్ణించి వస్తుంది? చేతులు విప్పి, నవ్వుకుంటూ లోపలికెళ్ళారు. టెస్టర్ని పిలిచి కంట్రోల్ రూములో హెడ్‌ఫోన్స్ ఇచ్చారు.

ఒకటో గదిలో నవ్వులు. రెండో గదిలో తెనాలి అత్తగారి గొంతు: "ఏవిటయ్యా ఆ జుట్టు, నూనె రాసుకోవూ?" తెర పచ్చగానే ఉంది. బాస్ గోళ్ళు చూసుకుంటున్నాడు.

అయిదో గది వచ్చింది. చటుక్కున ఎరుపు. తగ్గేలోపే మళ్ళీ ఎరుపు, మళ్ళీ ఎరుపు. గోడలోంచి నేరుగా కేకలు వినిపిస్తున్నాయి. మా సీనియర్ ఇంజనీరు, సర్వర్ కాలిపోయినా గొంతెత్తని మనిషి, "అమ్మో!" అని పెట్టిన కేకకి మేడమ్ ఉలిక్కిపడ్డారు. ఆ ఊపు ఇక ఆరో గదిలో, ఏడో గదిలో, చివరిదాకా ఆగలేదు. ఒకసారి గుండె జారాక కర్టెన్ కదిలినా అరుస్తాడు మనిషి. తెరంతా మిరపకళ్ళంలా ఉంది.

టెస్టరు మాత్రం పాలిపోయి ఉన్నాడు.

"వాట్ హీ సే? రూమ్ ఫైవ్, వాట్ హీ సే?" మేడమ్ ఆత్రంగా అడిగారు.

"గ్రీటింగ్ మేడమ్," అన్నాడు టెస్టరు బొంగురుగా. "అవర్ లాంగ్వేజ్ గ్రీటింగ్."

తర్వాత హెడ్‌ఫోన్స్ నాకిచ్చి రికార్డింగ్ వినిపించాడు. మా జొహోర్ పెద్దాయన ఉరితాడుతో చీకట్లోంచి వంగి, ఒక్కొక్క ఇంజనీరు చెవిలో, ఎంతో జాలిగా, మెల్లగా అంటున్నాడు: "బాబూ... నీ పాసు రిన్యూ కాలేదంట."

తెనాలి అత్తగారికి వేరే మాట: "అమ్మా... నీ రిటన్ టికెట్టు ఇంకో ఆర్నెల్లు పొడిగించారంట." ఆవిడ కేక అన్నిటికంటే పెద్దది.

మేడమ్ సంతకం పెట్టారు. బాస్ సోమవారం అన్నమాట ప్రకారం కాగితాలు పంపాడు. నన్ను ఏమీ అనలేదు కానీ, ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆఫీసులో ఏ కాగితం వచ్చినా బాస్ ముందు నాకు చూపించి, "ఏడో పేజీ దాకా వచ్చావా?" అనేవాడు. పెద్దాయనని కలిసి థాంక్స్ చెబితే, "అంత బయపెట్టే మాట నీకెలా తట్టింది అని అడుగుతున్నావా అన్నా? రెండు నెల్లు నా పక్కన కూకుని మీ టెస్టరు తమ్ముడు యింకేటి మాటాడాడు? అదొకటే గదా," అన్నాడు.

కుర్రాళ్ళూ, కథ ఇక్కడితో ఆపేస్తే నేను కాస్త మంచివాడిగానే మిగిలేవాణ్ణి. కానీ బుధవారం సాయంత్రం ట్రెయిన్‌లో టెస్టరు నా పక్కన సీటులో కూర్చున్నాడు. పాస్ వచ్చినట్టు ఆ మధ్యాహ్నమే తెలిసింది. గొంతు కూడా తిరిగి వచ్చింది.

"సార్, ఒక మాట అడగల్ల. ఏడో పేజీ సంగతి మీకు ఎప్పుడు తెల్సింది?"

అబద్ధం చెప్పడానికి స్టేషన్లు చాలానే ఉన్నాయి. "పదకొండున్నరకి," అన్నాను.

"చెప్పింది?"

"ముప్పావు తక్కువ... కాదు, పావు తక్కువ ఒంటిగంటకి."

వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. "గంటా పావు."

"అవును. తప్పే. నిన్ను బయట కూర్చోబెట్టి నేను లోపల..."

"పన్నెండు కాకముందే ఇంటికి ఫోన్ చేసినా సార్. పోతాండాం, సామాన్లు సర్దుకో అని చెప్పేస్తి మా ఆవిడకి. ఆయమ్మ ఫోన్ పెట్టెయ్యకుండా ఏడుస్తానే ఉన్నింది. పక్కన పాప ఉన్నింది, అంతా వినింది." ట్రెయిన్ తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. "వినేసి ఏం చేసిందో తెల్సునా? పుస్తకం మూసేసి, 'దెన్ నో నీడ్ స్టడీ లా' అనేసి, చెల్లెల్ని పిలుచుకొని కిందికి పోయింది. ఉయ్యాల ఊగినారంట, పరిగెత్తినారంట. మళ్ళా నేను ఫోన్ చేసి అంతా బాగయింది అని చెప్పినప్పుడు, పైకి రమ్మంటే ఎంతకీ రాలేదంట."

"క్షమించవయ్యా," అన్నాను.

"అదే సార్ నాకూ తెలీకుండా ఉండాది, మిమ్మల్ని తిట్టల్లనో ఏం చెయ్యల్లనో," అన్నాడాయన, తన స్టేషన్ రావడంతో లేచి సంచీ భుజాన వేసుకుంటూ. "ఈ ఏడాది మొత్తం మీద మా పాప ఆడుకునింది ఆ గంటా పావే."